బారో, లెండ్: ఇచ్చేదెవరు? పుచ్చుకునేదెవరు?

ఇంగ్లీషులో జంటగా తిరుగుతూ పిల్లల్ని తికమక పెట్టే మాటలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం తప్పుగా రాస్తే పోయేది ఒక మార్కు, మహా అయితే రెండు. బారో, లెండ్ అనే జంట మాత్రం బడితో ఆగదు. పదో తరగతి దాటిన ఏడాదికో రెండేళ్లకో చదువు రుణం దరఖాస్తులో అదే మాట ఎదురవుతుంది. ఆ తర్వాత బండి కొన్నప్పుడు, ఇల్లు కట్టుకున్నప్పుడు, ఎవరో బంధువు వచ్చి ‘ఇక్కడో సంతకం పెట్టు చాలు’ అన్నప్పుడు మళ్లీ ఎదురవుతుంది. అందుకే ఈ సంచికలో విద్యార్థినీ విద్యార్థుల కోసం, వారితో పాటు వారి తల్లిదండ్రుల కోసం కూడా, ఈ రెండు మాటలను కొంచెం తీరికగా చూద్దాం.

ముందు తరగతి గదిలో వినిపించే వాక్యాలు. ‘కెన్ యు బారో మీ యువర్ పెన్?’ అంటాడు ఒక అబ్బాయి. ‘ఐ లెండ్ ఎ బుక్ ఫ్రమ్ మై ఫ్రెండ్’ అని రాస్తుంది ఒక అమ్మాయి. రెండూ తప్పే. అయినా రెండింటి వెనుకా ఒక న్యాయం ఉంది. ఆ న్యాయం తెలియకుండా ఎర్ర సిరాతో కొట్టేస్తే పిల్లలు మళ్లీ అదే రాస్తారు.

మన భాషల్లో ఈ పనికి ఒకటే నామవాచకం, దాని పక్కన రెండు క్రియలు. తెలుగులో ‘అప్పు’ ఒక్కటే. ఇవ్వడం, తీసుకోవడం అనే మాటలు చేరి దిక్కు చెబుతాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకూ అంతే. ఉధార్ దేనా, ఉధార్ లేనా. ఉధార్ కదలదు, దేనా లేనా మాత్రమే మారతాయి. ఇంగ్లీషు ఆ దిక్కును క్రియ కడుపులోనే దాచేసింది. లెండ్ అనగానే వస్తువు కర్త చేతిలోంచి బయటికి పోతోందని, బారో అనగానే చేతిలోకి వస్తోందని వినేవాడికి తెలిసిపోతుంది. మన పిల్లవాడు మాత్రం మనసులో ‘అప్పు’ అనే మాటకు ఒక ఇంగ్లీషు మాట వెతుక్కుంటాడు. బారో దొరికితే బారో, లెండ్ దొరికితే లెండ్. దిక్కు సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుంటాడు. ఆ తర్వాత అనేది ఇంగ్లీషులో లేదు.

ఈ ఇబ్బంది మనకొక్కరికే కూడా కాదు. జర్మన్ భాషలో లైహెన్ అనే ఒకే క్రియ రెండు పనులకూ నడుస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునే జర్మన్ పిల్లలూ సరిగ్గా ఇక్కడే తడబడతారు. కాబట్టి మన పిల్లలు మొద్దులనుకోనక్కర్లేదు.

ఇక గుర్తుపెట్టుకునే పద్ధతి. బాణం గుర్తులు వేసి చెప్పే పద్ధతి చాలా పుస్తకాల్లో ఉంది. మంచిదే గానీ, పరీక్ష హాలులో బాణం ఎటు తిరిగిందో మరిచిపోతారు. మేము పిల్లలకు చెప్పేది ఇంతకన్నా సులువు. లెండ్ అనేది గివ్‌కు చెల్లెలు. గివ్ ఎక్కడ కూర్చుంటే లెండ్ అక్కడ కూర్చుంటుంది. ‘గివ్ మీ ఎ పెన్’ అనగలం కాబట్టి ‘లెండ్ మీ ఎ పెన్’ అనగలం. ‘గివ్ ఇట్ టు హర్’ అంటాం కాబట్టి ‘లెండ్ ఇట్ టు హర్’. బారో అనేది టేక్‌కు తమ్ముడు. ‘టేక్ ఫ్రమ్’ లాగా ‘బారో ఫ్రమ్’. ‘నీ పెన్ను నాకు ఇవ్వు’ అనే అర్థంలో ‘టేక్ మీ యువర్ పెన్’ అని ఎవరూ అనరు కదా, అందుకే ‘బారో మీ యువర్ పెన్’ కూడా కుదరదు. అనుమానం వచ్చిన చోట లెండ్ తీసి గివ్ పెట్టి చూడండి, బారో తీసి టేక్ పెట్టి చూడండి. వాక్యం నిలబడితే సరే. లేకపోతే మాట మార్చాలి.

పెన్ను కావాలంటే అడిగే తీరు రెండు రకాలు. ‘మే ఐ బారో యువర్ పెన్?’ అంటే కర్త నేను, తీసుకునేవాణ్ణి. ‘కుడ్ యు లెండ్ మీ యువర్ పెన్?’ అంటే కర్త మీరు, ఇచ్చేవారు. పెన్ను ఒకటే, పని ఒకటే, ఎవరి వైపు నుంచి చెబుతున్నామన్నదే తేడా. ఈ మాట బాగా పట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయే దరఖాస్తుల సంగతి అంతా దీని మీదే నడుస్తుంది.

భూతకాలంలో లెండ్ కాస్తా లెంట్ అవుతుంది, చివరి డి స్థానంలో టి వస్తుంది. లెండెడ్ అనే మాట లేదు. బారోకు మామూలుగా ఇడి చేరి బారోడ్ అవుతుంది. రాసేటప్పుడు బారోలో ఆర్ రెండుసార్లు, చివర డబ్ల్యూ. సారో, టుమారో అనే మాటల వరుసే ఇది. బారో, సారో రెండూ ప్రాస కుదిరాయి కాబట్టి అప్పుకూ దుఃఖానికీ ముడిపెట్టి ఇంగ్లీషువాళ్లు ఒక సామెత కూడా చేసుకున్నారు. లోన్ అనే మాట నామవాచకంగా అందరికీ తెలిసిందే. దాన్ని లెండ్‌కు బదులు క్రియగా వాడటం అమెరికాలో ఎక్కువ. మన పరీక్షల్లో లెండ్ అనే రాయడం క్షేమం.

ఇక్కడ మరో చిక్కు ఉంది. ఇంగ్లీషులో ఈ మాటలు రెండే అయినా, మన తెలుగులో అప్పు ఒక్కటే కాదు. వస్తువును బట్టి, తిరిగి ఇచ్చే తీరును బట్టి మాట మారుతుంది. పెళ్లికి వెళ్తూ పక్కింటి నగ అడిగి పెట్టుకుంటే అది ఎరువు, లేదా అరువు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత అక్కడిదే. ఆ నగే మళ్లీ ఆ ఇంటికి చేరాలి, అలాంటి ఇంకో నగ కాదు. గ్లాసుడు పంచదార తెచ్చుకుంటే అది బదులు. ఆ పంచదారే తిరిగి ఇవ్వలేం, టీలో కరిగిపోయింది, అంతే కొలతకు వేరే పంచదార ఇస్తాం. రెండు రోజుల్లో ఇస్తానని కాగితం, వడ్డీ లేకుండా స్నేహితుడి దగ్గర తీసుకున్న అయిదొందలు చేబదులు. కాగితం రాసి, గడువు పెట్టి తీసుకుంటే అప్పు. ఇంగ్లీషులో నగకూ, పంచదారకూ, అయిదొందలకూ, బ్యాంకు సొమ్ముకూ అన్నిటికీ బారో ఒక్కటే. ఇంగ్లీషు గొప్ప భాషే కావచ్చు గానీ ఈ ఒక్క విషయంలో మన పక్కింటి అమ్మల భాష దానికంటే నిక్కచ్చిగా ఉందని మా అభిప్రాయం.

ఇదే తేడా ఇస్లామీ ధర్మశాస్త్రంలో కూడా స్పష్టంగా ఉంది. వాడుకుని అదే వస్తువును తిరిగి ఇచ్చేది ఆరియత్. ఖర్చుపెట్టుకుని దానికి సమానమైనది తిరిగి ఇచ్చేది ఖర్జ్. అంటే మన ఎరువు ఆరియత్, మన బదులు, చేబదులు ఖర్జ్. ఆరియత్‌కు ప్రసిద్ధమైన ఉదాహరణ హిజ్రీ 8వ సంవత్సరంలో, మక్కా విజయం తర్వాత, హునైన్ యుద్ధానికి ముందు జరిగింది. దైవప్రవక్త ముహమ్మద్ (స) మక్కాకు చెందిన సఫ్వాన్ బిన్ ఉమయ్య దగ్గర కవచాలు అడిగారు. అప్పటికి సఫ్వాన్ ఇంకా ఇస్లాం స్వీకరించలేదు. ఇవి బలవంతంగా లాక్కోవడమా అని ఆయన అడిగితే, కాదు, పూచీతో తీసుకునే ఎరువు అని ప్రవక్త (స) జవాబిచ్చారని హదీసు. యుద్ధంలో కొన్ని కవచాలు పోతే నష్టం చెల్లిస్తామన్నారు కూడా. గెలిచిన ఊళ్లో, ఓడిన మనిషి దగ్గర, అడిగి, పూచీ పడి తీసుకోవడం! బారో అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు ఏ వ్యాకరణ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంగ్లీషు మాట పుట్టుక కూడా దీనికి దగ్గరగానే ఉంది. పాత ఇంగ్లీషులో బోర్గ్ అంటే పూచీ, హామీ. ఆ హామీ మీద తీసుకోవడమే బారో అయింది.

లెండ్ వైపు చూస్తే, దివ్య ఖుర్ఆన్‌లో 107వ సూరా పేరు అల్‌మాఊన్. చివరి ఆయత్‌లో వచ్చే ఆ మాటకు జకాత్ అని కొందరు వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. ఇరుగుపొరుగు ఒకరికొకరు ఇచ్చుకునే గొడ్డలి, కుండ, బొక్కెన లాంటి చిన్న వస్తువులు అని మరికొందరు చెప్పారు. ఆ రెండో అర్థం తీసుకుంటే, అక్కడ నిరాకరించబడుతున్నది అచ్చంగా లెండ్ చేయడమే. ఇక అల్లాహ్‌కు మంచి రుణం ఇచ్చేవాడెవడు అనే భావం వచ్చే ఆయతులు ఉన్నాయి, అల్‌బఖరా 245, అల్‌హదీద్ 11 వంటివి. ఇంగ్లీషు అనువాదాల్లో అక్కడ లెండ్ లేదా లోన్ అనే మాటలే చూస్తాం. బారో కనిపించదు. ఎందుకో పిల్లలే ఆలోచించి చెప్పగలరు. అల్లాహ్ నిరపేక్షాపరుడు, అక్కడ మాట్లాడుతున్నది ఇచ్చే దాసుడి వైపు నుంచి. మన సంఘాలు వడ్డీ లేకుండా ఇచ్చే ఖర్జె హసనాకు ఆ పేరు వచ్చింది ఈ ఆయతుల నుంచే.

వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. వడ్డీ అనే మాట సంస్కృతంలోని వృద్ధి నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. వృద్ధి అంటే పెరుగుదల. అరబీలో రిబా అన్నా మాట అర్థం పెరుగుదలే. దూరదూరంగా ఉన్న రెండు భాషలు ఒకే సంగతికి ఒకే పోలిక ఎంచుకున్నాయి. వడ్డీ ఒక్కటి వదిలేస్తే, తెలుగులో అప్పుల పద్దు అంతా దాదాపు అరబీ, పారశీకాల నుంచి వచ్చిందే. అసలు, బాకీ, వసూలు, కిస్తు, జమ, జామీను, మాఫీ అరబీవి. ఖర్చు, రశీదు పారశీకానివి. వీటిని భాషావేత్తలు ఇంగ్లీషులో బారోడ్ వర్డ్స్ అంటారు, అంటే అరువు తెచ్చుకున్న మాటలు. ఇన్ని వందల ఏళ్లయినా ఒక్కటీ తిరిగి ఇవ్వలేదు, ఎవరూ అడగనూ లేదు. తీసివేత లెక్కల్లోనూ అంతే. పదుల స్థానం నుంచి ఒకటి అప్పు తెచ్చుకుంటాం, ఇంగ్లీషులో బారో అంటాం, లెక్క అయిపోయాక దాన్ని తిరిగి ఇచ్చిన పాపాన పోం. మూడో తరగతి పిల్లలు ఈ ప్రశ్న వేస్తుంటారు. నవ్వి ఊరుకోకుండా, ఇక్కడ బారో అంటే పోలిక మాత్రమేనని చెప్పాలి.

అలాగే లెండ్ కూడా కొన్ని పలుకుబళ్లలో తిరిగి వచ్చే వస్తువు లేకుండానే వస్తుంది. లెండ్ ఎ హ్యాండ్ అంటే ఓ చెయ్యి వేయడం. లెండ్ ఎన్ ఇయర్ అంటే చెవి ఒగ్గి వినడం. లెండ్ యువర్ నేమ్ అంటే ఏదైనా పనికి మీ పేరు వాడుకోనివ్వడం. వీటిలో బారో పెట్టకూడదు.

కిరాణా కొట్టు సంగతి వేరు. ‘నేడు నగదు, రేపు అరువు’ అని బోర్డు పెట్టిన కొట్లోనే ఖాతా మీద సరుకులు తెస్తాం. తెలుగులో దాన్నీ అప్పే అంటాం. ఇంగ్లీషులో ‘ఐ బారోడ్ రైస్ ఫ్రమ్ ద షాప్’ అంటే బియ్యం తెచ్చి మళ్లీ బియ్యమే ఇస్తామని అర్థం వస్తుంది. అక్కడ రాయవలసింది ‘బాట్ ఆన్ క్రెడిట్’. డబ్బు కట్టి నవలలు తెచ్చుకునే అద్దె పుస్తకాల కొట్టును మాత్రం ఇంగ్లీషులో లెండింగ్ లైబ్రరీ అనే అనేవారు. భాష అన్నిచోట్లా లెక్కగా ఉండదు. కదిలించలేని వస్తువులకు బారో కుదరదని కూడా పాత ఉపాధ్యాయులు చెప్పేవారు. గోడకు తగిలించిన ఫోను రోజుల్లో ‘మే ఐ యూజ్ యువర్ ఫోన్’ అనేవాళ్లం. ఇప్పుడు ఫోను చేతికి ఇచ్చేస్తున్నారు కాబట్టి బారో అన్నా తప్పు లేదు.

ఇప్పుడు అసలు విషయానికి. క్రియ చివర ఇఆర్ చేరితే లెండర్, బారోవర్. లెండర్ అప్పు ఇచ్చినవాడు, బారోవర్ తీసుకున్నవాడు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక నమూనా రుణపత్రం ఇచ్చి ఈ రెండు గళ్లలో ఎవరి పేరు ఎక్కడ రాయాలో అడిగి చూడండి. వ్యాకరణంలో పూర్తి మార్కులు తెచ్చుకునేవాళ్లు కూడా కాసేపు ఆగుతారు. పెద్దల్లో ఆగకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

ఆ కాగితాల మీద ఇంకా మూడు మాటలుంటాయి. కో-బారోవర్, గ్యారంటర్, విట్నెస్. తెలుగులో మూడింటికీ కలిపి ‘సాక్షి సంతకం’ అని చెప్పేసే అలవాటు మన దగ్గర ఉంది. చాలా ప్రమాదకరమైన అలవాటు ఇది. విట్నెస్ అంటే నిజంగా సాక్షే, ఫలానావారు నా ఎదుట సంతకం చేశారని చెప్పేవాడు. కేవలం సాక్షిగా సంతకం చేసినందుకు ఆ బాకీ అతని మీద పడదు. కో-బారోవర్ అంటే సహ రుణగ్రహీత. ఆ అప్పు అతనిది కూడా. చదువు రుణాల్లో బ్యాంకులు తల్లినో తండ్రినో ఇలాగే చేర్చుకుంటాయి. గ్యారంటర్ అంటే జామీనుదారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, జామీనుదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. తీసుకున్నవాడు కట్టకపోతే అప్పుడు చూద్దాంలే అనుకునే సగం బాధ్యత కాదది. మహిళల గ్రూపు రుణాల్లో ఒకే సభ్యురాలు తన అప్పుకు బారోవర్, ఉమ్మడి పూచీ రాసుకున్న చోట మిగతావారి అప్పులకు గ్యారంటర్ కూడా అవుతుంది. ఒకే మనిషి, రెండు మాటలు, రెండు బరువులు. సూక్ష్మరుణాల ఒత్తిడి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంతవరకు పోయిందో 2010 చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఆ అక్టోబరులో ఆర్డినెన్సు, తర్వాత 2011లో చట్టం వచ్చాయి. ఆ చట్టం పేరులోనే మనీ లెండింగ్ అనే మాట ఉంది, అంటే అది అదుపు చేయాలనుకున్నది ఇచ్చేవారిని.

ప్రామిసరీ నోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేసేది బారోవర్. వివరాలు నింపకుండా ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి ఇచ్చినట్లేనని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అంకె ఎంత వేశారో తర్వాత వాదించుకోవలసిన పరిస్థితి వస్తుంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, అల్‌బఖరా 282, అప్పును రాసుకోవడం గురించే. అక్కడ లేఖకుడు రాయాలి, సాక్షులు ఉండాలి అనడమే కాదు, ఏం రాయాలో చెప్పవలసింది ఎవరన్నది కూడా ఉంది. చెప్పవలసింది బాకీ పడేవాడు, అంటే బారోవర్. ఇచ్చేవాడు చెబితే పుచ్చుకునేవాడు తలూపడం కాదు. ఎంత తీసుకుంటున్నాడో తన నోటితో తానే చెప్పాలి. ఖాళీ నోటు మీద సంతకం దీనికి పూర్తిగా ఎదురు.

ఫోనులో వచ్చే రుణ యాప్‌లకూ ఈ మాటలే తాళంచెవి. యాప్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లెండర్ అనే గడిలో ఉన్న పేరు వేరే ఉండవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డబ్బు లెండర్ ఖాతా నుంచి నేరుగా బారోవర్ ఖాతాకు రావాలి. ఒప్పందానికి ముందే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలన్నిటికీ ఆ పత్రం వర్తిస్తోంది, అది బారోవర్‌కు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఇవ్వండి అని అడగవచ్చు, ఉర్దూలో అని కూడా అడగవచ్చు. లెండర్ అనే చోట ఏ పేరూ లేకపోతే ఆ యాప్‌ను అక్కడే మూసేయడం మంచిది.

పెద్ద పిల్లల కోసం ఒక చిక్కు ప్రశ్న. మనం బ్యాంకులో డిపాజిట్ వేస్తే లెండర్ ఎవరు? చాలామంది బ్యాంకు అనే అంటారు, బ్యాంకు అనగానే ఇచ్చేదన్న అలవాటు కొద్దీ. కానీ ఆ సొమ్ము మనకు బ్యాంకు బాకీ. లెండర్ మనమే, బారోవర్ బ్యాంకు. డిపాజిట్ మీద వచ్చే పెరుగుదల గురించి ఉలమాలు ఎందుకంత చర్చించారో ఈ ఒక్క మాట మారిస్తే తెలుస్తుంది.

ఇక అభ్యాసం. ఖాళీలు పూరించి, తర్వాత కింద చూడండి.

ఒకటి: మై బ్రదర్ – – మీ హిజ్ సైకిల్ ఎవ్రీ సండే.
రెండు: షి – – టూ బుక్స్ ఫ్రమ్ ద లైబ్రరీ లాస్ట్ వీక్.
మూడు: ద బ్యాంక్ – – మనీ టు ఫార్మర్స్.
నాలుగు: డు నాట్ – – యువర్ నేమ్ టు ఎ పేపర్ యు హావ్ నాట్ రెడ్.
అయిదు: హౌ మచ్ డిడ్ యువర్ ఫాదర్ – – ఫ్రమ్ దెమ్?

మొదటి దాంట్లో ఖాళీ వెంటనే మీ ఉంది కాబట్టి లెండ్స్. రెండో దాంట్లో ఫ్రమ్ ఉంది, జరిగింది పోయిన వారం, కాబట్టి బారోడ్. మూడో దాంట్లో టు చూసి లెండ్స్ అని రాయాలి. నాలుగోది పలుకుబడి, లెండ్. అయిదో దాంట్లో ఫ్రమ్ చూసి బారో అని సరిగ్గానే పట్టుకుని, గడిచిన కాలం కదా అని బారోడ్ రాసేవాళ్లు ఎక్కువమంది ఉంటారు. డిడ్ ముందే వచ్చింది కాబట్టి అక్కడ బారో మాత్రమే.